సాక్షి గడి

పైపు ముక్క సంతోషమ్మ మెడ వెనక పడినప్పుడు నవీన షెడ్డులో ఇనుప స్తంభం పక్కన నిలబడి ఉంది.

ఆమె అక్కడ ఉండవలసిన మనిషి కాదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ ముందు ఆమె పని. అయితే ఇంతకాలం చీటీల మీద నడిచిన వివరాలన్నీ ఇకపై కంపెనీ లోపలి నెట్‌వర్కులోనే నింపాలనీ, వాటికి ఫారాలు నవీనే తయారు చెయ్యాలనీ మేనేజరు చెప్పాడు. షెడ్డువాళ్లు చీటీ మీద ఏది ముందు రాస్తారో, ఏది వెనక రాస్తారో కళ్లతో చూస్తే గానీ గడుల వరస తెలియదని ఆమే అడిగి వచ్చింది.

తోతాపురి కాయలు కడుగు తొట్టిలోంచి బెల్టు మీదికెక్కి, అటూ ఇటూ నిలబడ్డ ఆడవాళ్ల చేతుల కిందుగా జారి, చివరన టెంక తీసే యంత్రం నోట్లో పడతాయి. చేతులు లోపలికి పోకుండా ఆ నోటికి ఇనుప జల్లెడ ఒకటి ఉండాలి. సీజను మొదలైన కొద్ది రోజులకే దాన్ని విప్పి గోడకు ఆనించేశారు. జల్లెడ ఉంటే టెంక ఇరుక్కున్నప్పుడల్లా యంత్రం ఆపాలి, బోల్టులు విప్పాలి, మళ్లీ బిగించాలి. లేకపోతే కట్టెతో ఒక్క పోటు పొడిస్తే సరిపోతుంది. కట్టెకు లొంగనప్పుడు చేత్తో లాగాలి.

సంతోషమ్మ కట్టెతో పొడుస్తూ ఉంది. ఆమె వెనక బెల్టు మీద కాయలు గుట్టపడి కిందికి దొర్లుతున్నాయి. నవీన తూకం చీటీలో తేదీ ఏ మూల వేస్తున్నారో చూసుకుంటూ, సూపర్‌వైజర్ ధర్మేంద్ర గొంతు విని తలెత్తింది.

“నిద్రపోతా ఉండావా మే?”

పైపు పైకి లేచి పడింది. యంత్రం మోతలో దెబ్బ చప్పుడు వినబడలేదు. సంతోషమ్మ ముందుకు తూలింది. పడిపోకుండా ఆనుకోవడానికి చాచిన కుడిచెయ్యి నేరుగా యంత్రం నోట్లోకి పోయింది.

మోత మారింది. టెంక పడ్డప్పుడు వచ్చే గరగర కాదది, తడిబట్టను పళ్లతో చింపుతున్నట్టుగా ఉంది. ఆ తర్వాతే సంతోషమ్మ అరిచింది. బెల్టు పొడుగునా ఆడవాళ్లందరూ అరిచారు. స్విచ్చి అవతలి గోడకు ఉంది. ఎవరో పరిగెత్తబోయి తొక్కల మీద జారిపడ్డారు. యంత్రం ఆగాక ఇద్దరు మగవాళ్లు ఇరుసును చేత్తో వెనక్కి తిప్పారు. చెయ్యి బయటికొచ్చింది. మూడు వేళ్లు రాలేదు. పక్కనున్న ముసలామె తన కొంగు చింపి ఆ చేతికి చుట్టింది. చుట్టిన గుడ్డ చూస్తుండగానే తడిసిపోయింది. పసుపుపచ్చటి గుజ్జులో ఎర్రటి చార ఒకటి గుజ్జు పడే తొట్టి దాకా సాగింది.

ధర్మేంద్ర పైపును ట్రేల వెనక్కి విసిరేశాడు. “ఆటోను పిలవండప్పా, బిన్నా,” అన్నాడు. సంతోషమ్మను మోసుకుపోతుంటే రెండు చేతులూ నడుముకు పెట్టుకుని తొట్టిలోకి తొంగిచూశాడు. “ఈ తొట్టిలోది పారబొయ్యండి. వెనకది బాగుండాది, దాన్ని కదపొద్దు.”

అప్పుడు నవీనను చూశాడు. ఒక్కమాటైనా అనలేదు. అతను ఆమె భర్త మునిప్రసాద్‌కు అన్న. తమ్ముడి భార్యతో ఎదురుపడి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఆమెకు చెప్పవలసిందేదైనా ఉంటే తల్లికో తమ్ముడికో చెబుతాడు. బావ నడవలో ఉంటే ఆమె వంటింట్లోకి తప్పుకుంటుంది. బంగారుపాళ్యంలో ఆ ఇంట కాలుపెట్టిన నాటి నుంచీ అంతే.

ఆ మధ్యాహ్నమే మేనేజరు గిరిప్రసాద్ ఆమెను పిలిచాడు. బల్ల మీద కాఫీ చల్లారిపోయి ఉంది.

“మిగతావి పక్కన పెట్టమ్మా. ముందు ప్రమాదాల ఫారం చెయ్యి. గుజ్జు కొనే పెద్ద కంపెనీ మనుషులు బేస్తవారం వస్తా ఉండారు. వచ్చీరాంగానే అడిగేది అదే.”

“కారణం దగ్గర రాసుకునే పెట్టె పెట్టేదా సార్, జాబితా పెట్టేదా?”

“పెట్టె పెడితే ఒక్కొక్కడు పురాణం రాస్తాడు. సగం మందికి టైపు కొట్టేది రాదు. జాబితా పెట్టు. నొక్కితే పడిపోవాల.”

అతను చెబుతుంటే ఆమె రాసుకుంది. గాజులు తగులుకోవడం. తొడుగులు వేసుకోకపోవడం. తడి నేల మీద జారడం. మాటల్లో పడడం. అజాగ్రత్త. రాసుకున్నది పైనుంచి కిందికి ఒకసారి చదువుకుని నవీన తలెత్తింది.

“యంత్రం వైపునించి ఒకటైనా ఉండొద్దా సార్? జల్లెడ లేకపోవడం మాదిరిగా.”

“జల్లెడ లేదని మనమే రాసి వాళ్ల చేతికిచ్చేదా?”

“పోనీ ఇతరములు అని…”

“ఇతరములు అంటే మళ్లా రాయాల గదా. వద్దు.” అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఇంకొకటి. ఒకసారి పంపినాక ఎవరూ మార్చేదానికి లేకుండా చెయ్యి. తూకం కాడ మనోళ్లే మారుస్తా ఉండారు, నాకు తెలీదనుకోని.”

కొనేవాళ్లు పంపిన సూచనల్లో సాక్షి గడి తప్పకుండా ఉండాలని ఉంది. ప్రమాదాన్ని చూసిన మనిషి తన సొంత లాగిన్‌లోకి వెళ్లి, రాసింది నిజమో కాదో నొక్కాలి. అప్పుడే ఫారం మద్రాసులో ఉన్న హెడ్డాఫీసుకు పోతుంది.

“కాదని నొక్కితే ఏం రావాల సార్?”

“కాదని ఎవరు నొక్కుతారమ్మా? నీకు తోచింది పెట్టుకో.”

ఫారం మొత్తం మీద ఆమెకు తోచినట్టు పెట్టుకోమన్నది ఆ ఒక్కచోటే. ఆ సాయంత్రం, మర్నాడు పగలంతా ఆమె దానిమీదే కూర్చుంది. తేదీ, షెడ్డు, యంత్రం, గాయపడినవారి పేరు, కారణం. పక్క బల్ల నాగవేణి కుర్చీ జరుపుకుని వచ్చి చూసింది.

“అవును అనేదాన్ని పెద్దదిగా, పచ్చరంగులో పెట్టవే. చదవకుండా నొక్కేసి పోతారు. పని బిన్నా అయిపోతుంది.”

నవీన పచ్చరంగు పెట్టి చూసింది. కాసేపటికి తీసేసింది. రెండింటినీ ఒకే కొలతలో, ఒకే బూడిదరంగులో పక్కపక్కన పెట్టింది. కాదు అనేది నొక్కితే తెర ఏమీ కదలకుండా చచ్చినట్టు పడి ఉంటే బాగుండదు కదా అని, దాని కింద ఖాళీ పెట్టె ఒకటి తెరుచుకునేలా చేసింది. సాక్షి పేర్ల జాబితాకు ఆఫీసు సిబ్బంది పట్టీని తగిలించింది. లాగిన్ ఉన్నవాళ్ల పేర్లే అందులో వస్తాయి. షెడ్డులో పనిచేసే ఆడవాళ్లకు లాగిన్లు లేవు. బెల్టుకు అటూ ఇటూ నిలబడి చూసినవాళ్లలో ఒక్క పేరూ ఆ జాబితాలో పడదని ఆమెకు అప్పుడు తట్టలేదు.

పని ముగిసి గేటు దగ్గరికి వచ్చేసరికి అరుపులు వినిపించాయి.

సంతోషమ్మ మొగుడు చిన్నబ్బ లారీలకు కాయలెత్తే మనిషి. చిత్తూరు పెద్దాసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. చొక్కా ముందువైపు రక్తం ఎండి అట్టకట్టి ఉంది. కావలివాడిని తోసుకుని లోపలికి వచ్చాడు.

“యాడరా ఆ ధర్మేంద్ర? బయటికి రమ్మను వాణ్ణి. ఆడదాన్ని ఎనకనించి కొట్టేది కాదు, నా ముందరికి రమ్మను.”

ధర్మేంద్ర వచ్చాడు. మాట్లాడలేదు. వస్తూనే చిన్నబ్బ మూతి మీద పిడికిలితో గుద్దాడు. చిన్నబ్బ తూలి, నిలదొక్కుకుని, తలతో అతని రొమ్మును పొడిచాడు. ఇద్దరూ మట్టిలో దొర్లారు. కావలివాడు లాఠీతో చిన్నబ్బ మోకాళ్ల మీద కొట్టాడు. నవీన కోసం వచ్చిన మునిప్రసాద్ అప్పుడే మోటారుసైకిలుకు స్టాండు వేస్తున్నాడు. అన్నను చూసి పరుగున వచ్చాడు. విడదీస్తాడనుకుంది నవీన. అతను చిన్నబ్బ రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. అలా పట్టుకునే ఉన్నాడు. ధర్మేంద్ర ముఖం మీద కొట్టాడు, కడుపులో తన్నాడు. ఆయాసమొచ్చి ఆగి, మళ్లీ తన్నాడు. షిఫ్టు దిగిన ఆడవాళ్లు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని గోడ వెంబడి నిలబడిపోయారు. చిన్నబ్బ ఉమ్మిన ఎర్రటి ఉమ్మిలో పన్ను ఒకటి మట్టిలో పడింది.

“ఇంకొకసారి ఈ గేటు దాటినావంటే చెయ్యి కాదు, తలకాయ పెడతాను దాంట్లో,” అన్నాడు ధర్మేంద్ర.

మునిప్రసాద్ చేతులు దులుపుకుని బండి తిప్పాడు. “ఎక్కు,” అన్నాడు. నవీన ఎక్కింది. దారంతా అతని భుజం పట్టుకోకుండా సీటు కిందున్న ఇనుప కమ్మీ పట్టుకుని కూర్చుంది.

ఇంట్లో అత్త భారతమ్మ కొడుకులిద్దరికీ సంగటి ముద్దలు పెట్టి, పులుసు పోసింది. నవీన వంటింటి గడప లోపల నిలబడి ఉంది. ధర్మేంద్ర పిడికిలి కణుపులు తోలు లేచిపోయి ఉన్నాయి. పులుసు తగిలినప్పుడల్లా చెయ్యి విదిలిస్తున్నాడు.

“ఫారం నింపేసినాలేరా,” అన్నాడు తమ్ముడితో. “బాగానే ఉండాది. నొక్కుకుంటా పోతే అయిపోయె. గాజులు తగులుకొని అని పెట్టినా. సాక్షి కింద నీ పెండ్లాము పేరే వచ్చింది. షెడ్డులో ఉండిన ఆఫీసోళ్లలో అదొక్కటేనంట. గిరిప్రసాద్ సారు కూడా మంచిదే అన్నాడు, ఇంటి మనిషి గదా. పొద్దున పోతానే అవునని నొక్కెయ్యమని చెప్పు.”

“విన్నావా?” అన్నాడు మునిప్రసాద్, తల తిప్పకుండానే.

ధర్మేంద్ర ఇంకో ముద్ద మింగాడు. నవీన గడప దాటి నడవలోకి వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియదు. ఆ మనిషి ముఖంలోకి నేరుగా చూసింది.

“ఆమె చేతికి గాజులు లేవు. పైపుతో కొట్టింది మీరే గదా బావా. నేను చూస్తానే ఉండాను.”

భారతమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ధర్మేంద్ర ఆమె వైపు చూడలేదు. తమ్ముడి వైపు చూశాడు, ఇందులో తనకేమీ సంబంధం లేనట్టుగా.

“ఏమప్పా, నీ పెండ్లాము నాతో మాట్లాడతా ఉండాది.”

మునిప్రసాద్ లేచాడు. సంగటి అంటిన చేత్తోనే చెంప మీద కొట్టాడు. పెదవి పంటికి తగిలి చిట్లింది. రెండోసారి కొట్టినప్పుడు ఆమె తల తలుపు చెక్కకు గుద్దుకుంది. మూడోసారి చెయ్యెత్తినప్పుడు భారతమ్మ కసిరింది.

“కూటి ముందర కొట్టొద్దురా. తినినాక సూసుకో.”

అతను మళ్లీ కూర్చుని తిన్నాడు. ధర్మేంద్ర అతని కంచంలో ఇంకాస్త పులుసు పొయ్యమని తల్లికి సైగ చేశాడు. కారే రక్తం నాలుకతో తుడుచుకుంటూ నవీన అక్కడే నిలబడింది. ఈ ఇంట్లో ఇన్నేళ్లలో ధర్మేంద్ర తనమీద చెయ్యెత్తలేదని, బావ ఎంత మర్యాదస్థుడో అని ఆమె పుట్టింట్లో చాలాసార్లు చెప్పింది. అతనికి చెయ్యెత్తే అవసరమే ఎప్పుడూ రాలేదు.

పొద్దున ఆఫీసులో నాగవేణి ఆమె ముఖం చూసి సంచి కింద పెట్టడం మరిచిపోయింది.

“ఏందే ఆ పెదవి?”

“మా ఆయన కొట్టినాడు.”

తలుపు తగిలిందనో, జారిపడ్డాననో వినడానికి సిద్ధంగా ఉన్న నాగవేణి తన నీళ్ల సీసా తీసి నవీన బల్ల మీద పెట్టి, కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చుంది.

నవీన లాగిన్ అయింది. ఆమె పేరు కింద ఒక్క ఫారం ఆగి ఉంది. గాయపడినవారు సంతోషమ్మ. యంత్రం, టెంక తీసేది. కారణం, గాజులు తగులుకోవడం. నింపినవారు ధర్మేంద్ర. పైన రాసింది నిజమేనా అని కింద ప్రశ్న. ఆ వాక్యం ఆమె రాసిందే. అవును, కాదు. ఆ రెండు గడులూ ఆమె కొలిచి పెట్టినవే.

అవును అని నొక్కితే సాయంత్రం ఇంట్లో అన్నం తినొచ్చు. ఆమెకు అది బాగా తెలుసు. పెదవి మానిపోతుంది. సంతోషమ్మ గాజులు వేసుకుని తన చెయ్యి తానే యంత్రంలో పెట్టుకున్న మనిషిగా ఉండిపోతుంది. రేపు ఎవరైనా అడిగితే ఈ ఫారం చూపిస్తారు, అందులో తన పేరు ఉంటుంది.

కాదు నొక్కింది. పెట్టె తెరుచుకుంది.

కొట్టినవి చెరిపి మళ్లీ కొట్టింది. ‘సంతోషమ్మ చేతికి గాజులు లేవు. సూపర్‌వైజర్ ధర్మేంద్ర పైపుతో ఆమె మెడ వెనక కొట్టాడు. ఆమె ముందుకు పడింది. యంత్రానికి జల్లెడ లేదు. నేను చూశాను.’ చదువుకుని, పంపింది.

గిరిప్రసాద్ గదిలోంచి ఆమెను పిలవలేదు, తానే బయటికి వచ్చాడు. హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చినట్టుంది, చేతిలో సెల్లు ఇంకా వెలుగుతూనే ఉంది.

“ఏం రాసినావమ్మా అది? తీసెయ్.”

“తీసేదానికి దారి పెట్టలేదు సార్. మీరే వద్దన్నారు.”

“మీ ఇంటి గొడవలు నా ఫ్యాక్టరీలోకి తెచ్చినావే.”

“షెడ్డులో జరిగిందే రాసినాను సార్.”

అతను ఇంకేదో అనబోతుండగా తలుపు గోడకు బాదుకుంది. ఆ ఫోను సంగతి తెలిసి షెడ్డు నుంచి పరిగెత్తుకొచ్చిన ధర్మేంద్ర చెప్పులకు గుజ్జు అంటుకుని, నేల మీద అడుగులు పడ్డాయి. అతను గిరిప్రసాద్ వైపు చూడలేదు. చెప్పి పంపడానికి అక్కడ తమ్ముడు లేడు, తల్లి లేదు.

“ఏమే,” అన్నాడు. ఆమెతో అతను నేరుగా అన్న మొదటి మాట అది. “నా కూడు తింటా నా మీదనే రాస్తావా?”

బల్ల మీది కీబోర్డు లాగాడు. తీగ తెగింది. దాన్ని రెండు చేతులా ఎత్తి కొట్టాడు. ఆమె తల పక్కకు తిప్పుకుంది గనక భుజం మీద పడింది. బటన్లు నేలంతా చెల్లాచెదరయ్యాయి. మళ్లీ కొట్టాడు, మోచేతి మీద. కంప్యూటర్ తెరను కాలితో తన్నాడు. అది బల్ల అవతలికి పడి భళ్లున పగిలింది. నాగవేణి అరుస్తూ వచ్చి అతని నడుము పట్టుకుని వెనక్కి లాగింది. అతను విదిలిస్తే బీరువాకు వెళ్లి తగిలింది. మళ్లీ వచ్చి పట్టుకుంది. అప్పటికి గుమస్తాలు ఇద్దరు లేచారు.

“రేపు వాళ్లొస్తా ఉండారప్పా,” గిరిప్రసాద్ తల పట్టుకున్నాడు. “ఇదంతా ఎత్తేదెవరు?”

కిటికీ అవతల షెడ్డు ఆడవాళ్లు వచ్చి నిలబడి ఉన్నారు. చేతులకు గుజ్జు కారుతోంది. బెల్టు మోత వినిపించడం లేదు. ఎవరు ఆపారో, ఎప్పుడు ఆపారో తెలియదు. ధర్మేంద్ర వాళ్లను చూసి, “పోండి, పనులు సూసుకోండి,” అని కసిరాడు. ఎవరూ కదల్లేదు. అతను ఇంకోసారి అరిచాడు. ఈసారి గొంతు చీలింది.

“నువ్వు ఇంటికి పోమ్మా,” అన్నాడు గిరిప్రసాద్ నవీనతో. “రేపు రావొద్దు. తర్వాత సూస్తాం.”

ఆమె సంచి తీసుకుని రోడ్డు మీదికి వచ్చింది. ఇంటికి పోయే దారి ఎడమ వైపు. చిత్తూరు బస్సు వస్తే ఎక్కింది. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. కండక్టరు టికెట్టును ఆమె ఒళ్లో పెట్టి పోయాడు.

ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో సంతోషమ్మ మంచం గోడవారగా ఉంది. చేతి కట్టు దిండంత లావుగా ఉంది. పక్కన నేల మీద కూర్చున్న చిన్నబ్బకు ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నవీనను చూసి లేవడానికి నేలకు చెయ్యి ఊనాడు.

“ఏమి సూసి పోదామని వచ్చినావు? మీ ఆయన నా చేతులు పట్టుకున్నాడు, తెలుసునా? సూస్తానే ఉండావు గదా.”

“చూస్తానే ఉండాను,” అంది నవీన.

అతను ఆమె చిట్లిన పెదవిని, వేలాడుతున్న చేతిని చూశాడు. లేవబోయినవాడు మళ్లీ కూలబడ్డాడు. నవీన మంచం పక్కన నిలబడి తను ఏం రాసిందో చెప్పింది. జ్ఞాపకం నుంచి, ఒక్కో మాటా. సంతోషమ్మ కళ్లు మూసుకుని వింది. ముఖంలో ఏమీ కదల్లేదు. నిద్రపోయిందేమో అనుకుంది నవీన.

“కొట్టినాడు అని ఒకతూరే రాసినావా?” అంది సంతోషమ్మ, కళ్లు తెరవకుండానే.

“నేను చూసింది ఒకటే అక్కా.”

“రెండు. ముందు వీపు మీద కొట్టినాడు. నేను కట్టె వదల్లా. అందుకే మెడమీద యేసినాడు.”

పంపినాక మార్చడానికి లేదని నవీనకు తెలుసు. దానికి ఇంకో ఫారం కావాలి. లాగిన్లు లేనివాళ్లు నోటితో చెబితే ఎవరైనా రాసిపెట్టడానికి వీలైన ఫారం. దాన్ని ఏ ఆఫీసులో కూర్చుని చేస్తుందో ఆమెకు తెలియదు. సంచిలోంచి చీటీ కాగితాలు, కలం తీసి, మంచం అంచున జాగ్రత్తగా కూర్చుంది.

“చెప్పక్కా. మొదటి దెబ్బ నించి చెప్పు.”

సంతోషమ్మ కళ్లు తెరిచి ఆమె వైపు చూసింది. ఏది అడుగుతోందో నిజంగానే అర్థం కానట్టు.

“మొదటిదంటే ఏది? ఈ సీజనుదా, పోయిన సీజనుదా?”